కంటైనరు తిరిగొస్తే కోత ఎవరి కూలికి?

కూలి పెంచమని అడిగితే ఒక్కో పంటకు ఒక్కో జవాబు తయారుగా ఉంటుంది. వరి ఆసామి వానను చూపిస్తాడు. మిర్చి ఆసామి గుంటూరు యార్డును చూపిస్తాడు. రొయ్యల చెరువుల ఆసాములూ, ప్లాంట్ల యజమానులూ మాత్రం ఏకంగా అమెరికాను చూపిస్తున్నారు. "కంటైనరు తిరిగొచ్చింది", "ల్యాబులో ఫెయిలైంది", "సుంకం వేశారు" - భీమవరం, ఆకివీడు, కైకలూరు మొదలు కోనసీమ దాకా ఈ మూడు మాటల్లో ఏదో ఒకటి చెవినపడని కూలి మనిషి లేడు.

మేము కూలి బేరాలకు కూర్చున్నప్పుడల్లా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ల నోరు కట్టుబడిపోతోంది. అక్కడి రేవులో ఏం జరుగుతుందో చెరువు గట్టు మీద నిలబడిన మనకు కనపడదు. కనపడని దాని మీద బేరమాడేదెట్లా? అందుకని రొయ్య పరాయిదేశంలో దిగడానికి ఏయే చట్టాలు దాటాలి, ఏ కాగితం ఎవరు రాస్తారు, ఎక్కడన్నా తేడా వస్తే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అనే సంగతులు వీలైనంత తేలిక మాటల్లో చెప్పదలిచాం. కొంచెం ఓపిక పట్టి చదవాలి. చదివినవాళ్లు చదువురాని పక్కవాళ్లకు చెప్పాలి.

ముందు సరుకెంతో తెలియాలి. 2024-25 సంవత్సరంలో మన దేశం 7 లక్షల 41 వేల టన్నులకు పైగా గడ్డకట్టించిన రొయ్యను ఎగుమతి చేసింది. అందులో 3 లక్షల 11 వేల టన్నులు ఒక్క అమెరికాకే పోయింది. ఈ సాగులో పెద్ద వాటా మన ఆంధ్ర తీరానిదే. 2009లో వనామీ రకం పెంపకానికి కేంద్రం అనుమతి ఇచ్చిన దగ్గర నుంచీ డెల్టా రూపమే మారిపోయింది. వరిచేలో ఊడ్పుకీ, కలుపుకీ, కోతకీ ఊరంతా కదిలేది. చెరువుకు కావలసింది మేత చల్లే కుర్రాడొకడు, రాత్రిపూట ఏరియేటర్లు కనిపెట్టుకుని ఉండే కాపలా మనిషొకడు, పట్టుబడి రోజున వల లాగే ముఠా ఒకటి. మిగిలిన పనంతా ఆడవాళ్ల చేతుల్లోకి, ఒలుపు బల్లల దగ్గరికి వెళ్లిపోయింది. కనుక అమెరికా రేవు సంగతి ఇవాళ మనకు పొలం గట్టు సంగతే.

రేవు దాకా నడిచే కాగితం

రొయ్య కంటే ముందు కాగితం నడుస్తుంది. తీరప్రాంతపు ఉప్పునీటి చెరువైతే 2005 చట్టం కింద ఏర్పడ్డ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గర నమోదై ఉండాలి. ప్లాంటుకు ఎగుమతి తనిఖీ మండలి ఆమోదం, దానికొక నెంబరు ఉండాలి. ఎగుమతిదారు 1972లో పెట్టిన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థలో - మన వాళ్లు ఎంపెడా అంటారు - రిజిస్టరై ఉండాలి. ఇవి ఇక్కడి సంగతులు.

ఇవన్నీ మన ప్రభుత్వం తనంతట తాను పనివాళ్ల మీదా తినేవాళ్ల మీదా ప్రేమతో తెచ్చినవి కావు. 1997లో మన రొయ్యలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులున్నాయని, ప్లాంట్లు పరిశుభ్రంగా లేవని చెప్పి యూరప్ దేశాల కూటమి మన సముద్ర సరుకును మొత్తంగా నిలిపివేసింది. ఆ దెబ్బతో ప్లాంట్లకు నున్నటి గచ్చు వచ్చింది, చల్లగది వచ్చింది, చేతులు కడుక్కునే పంపులు వచ్చాయి, ఒలిచే ఆడవాళ్ల తలకు టోపీ, కాళ్లకు బూటు వచ్చాయి. బయటివాడు గుమ్మం మూస్తేగాని లోపలికి నీటి పంపు రాలేదన్నమాట. ఈ సంగతి ముందు ముందు మనకు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక అమెరికా పద్ధతి. అక్కడ ఆహారం, మందుల శాఖ ఒకటుంది, ఎఫ్.డి.ఎ. అంటారు. 1997 డిసెంబరు 18 నుంచి అమల్లోకి వచ్చిన దాని నిబంధన ప్రకారం చేపా రొయ్యా శుద్ధిచేసే ప్రతి ప్లాంటూ ఒక పథకం రాసుకోవాలి. దాన్ని హ్యాసప్ అంటారు. ఏ దశలో ఏ ప్రమాదం రావచ్చు, రాకుండా ఏం చేస్తాం, చేశామని ఎక్కడ రాశాం - సారం ఇంతే. పచ్చిసరుకు వచ్చినప్పుడు చెరువు రైతు మందులు వాడలేదన్న కాగితం చూశారా, గది చల్లదనం ఎంత, ఏ గంటకు చూశారు, ఎవరు సంతకం పెట్టారు. అమెరికాలో సరుకు దించుకునే దిగుమతిదారు ఈ ప్లాంటు ఆ నిబంధన పాటిస్తోందని తాను సరిచూసుకున్నట్టు రుజువు చూపగలగాలి.

ఇక్కడొక తేడా ఉంది. యూరప్‌కు పోయే సరుకు వెంట మన ప్రభుత్వ తనిఖీ సంస్థ ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పట్టుబడికి ముందే చెరువు రొయ్యను ఎంపెడా ల్యాబులో పరీక్ష చేయించాలి. అంతా అయ్యాక కూడా 2016 నుంచీ యూరప్ రేవుల్లో మన కంటైనర్లలో సగం తెరిచి నమూనా తీసే నిర్ణయం జరిగింది. అమెరికాది ఎక్కువగా పుస్తకం మీద నడిచే పద్ధతి. అమెరికా పార్లమెంటుకు లెక్కలు చూసిపెట్టే సంస్థ 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2009లో దిగుమతైన సముద్ర ఆహార సరుకుల్లో ఎఫ్.డి.ఎ. మందుల అవశేషాల కోసం పరీక్షించింది సుమారు 0.1 శాతమే. అంటే వెయ్యికి ఒకటి. మిగతా 999 కాగితం బలం మీదే లోపలికి పోయాయి.

మరి ఆ కాగితం రాసేదెవరు? మేము మాట్లాడిన ఒక షెడ్డులో చల్లదనం రాసే పుస్తకం పన్నెండో తరగతి చదివిన ఒక కాంట్రాక్టు అమ్మాయి చేతిలో ఉంది. రెండు గంటలకోసారి రాయాలి. "పట్టుబడి రోజుల్లో ఒలుపు బల్ల దగ్గరే నిలబెడతారండీ, పుస్తకం పొద్దుగూకాక ఒక్కసారే నింపుతా" అంది ఆ పిల్ల. తప్పు ఆమెది కాదు. ఇద్దరి పని ఒక్కరితో చేయిస్తే పుస్తకం అట్లాగే నిండుతుంది. రేపు సరుకు చెడితే ఆ సంతకం ఎవరిది అని చూస్తారు. అప్పుడు జవాబు చెప్పాల్సింది యజమాని కాదు, ఆ పిల్ల.

పుస్తకం సంగతి అయ్యాక మిగతా గుమ్మాలు. సరుకు రేవుకు చేరకముందే ఎఫ్.డి.ఎ.కు ముందస్తు నోటీసు పంపాలి. 2002లో వచ్చిన చట్టం అది. 2018 డిసెంబరు 31 నుంచి అక్కడి మత్స్యశాఖ ఇంకో నియమం పెట్టింది. రొయ్య ఏ చెరువులో పెరిగింది, ఎప్పుడు పట్టారు, ఎన్ని కిలోలు, ఏయే చేతులు మారి వచ్చింది అనే వివరాలు దిగుమతిదారు దాఖలు చేసి, ఆ చేతుల వరస రికార్డులు రెండేళ్లు దాచిపెట్టాలి. ఇక వారి విదేశాంగ శాఖ ఫారం ఒకటుంది. అది తాబేళ్ల కోసం.

నవ్వకండి, అది చిన్న విషయం కాదు. 1989లో చేసిన చట్టం ప్రకారం, సముద్రంలో వలేసినప్పుడు తాబేలు తప్పించుకుని పోయే ఏర్పాటు వలలో లేని దేశాల నుంచి సముద్రపు రొయ్యను అమెరికా కొనదు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ట్రాలర్ వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తుండడం మన మత్స్యకారులందరూ ఎరిగిందే. ఆ ఏర్పాటు మన పడవల్లో సరిగా అమలు కాలేదన్న కారణం మీద 2019లో మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసింది. చెరువు రొయ్యకు మాత్రం "ఇది పెంచినది, వేటాడినది కాదు" అని ఆ ఫారంలో రాసి పంపిస్తారు. కాకినాడ, విశాఖ ట్రాలర్ల మీద వాటా పద్ధతిన పనిచేసే కలాసీకి వచ్చే వాటా అప్పటినుంచీ ఆ మార్కెట్టు లేకుండానే లెక్కగడుతున్నారు. వల మార్చుకునే ఖర్చు పడవ యజమానిది, నష్టం మాత్రం అందరిదీ.

వెయ్యి టన్నుల్లో ఒక గ్రాము

"ల్యాబులో ఫెయిలైంది" అనే మాటకు వద్దాం. కూలీలకు దీనంత అర్థంకాని మాట ఇంకొకటి లేదు. దీనంత అవసరమైనదీ లేదు.

రొయ్యకు తెగులొస్తే భయపడి కొందరు రైతులు యాంటీబయాటిక్ మందులు వాడారు. అందులో క్లోరాంఫెనికాల్ ఒకటి, నైట్రోఫ్యూరాన్ జాతి మందులు మరొకటి. మొదటిది కొందరి ఒంట్లో రక్తం పుట్టే మూలుగనే దెబ్బతీయగలదు. రెండోదాని అవశేషం కాన్సరు తెస్తుందన్న అనుమానం ఉంది. అది మాంసానికి అతుక్కుపోతుంది, వండినా పోదు. అందుకే వీటికి ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దు ఏ దేశమూ పెట్టలేదు. అమెరికాలో రొయ్యల పెంపకానికి ఆమోదించిన యాంటీబయాటిక్ అసలు ఒక్కటీ లేదు.

2001, 2002 సంవత్సరాల్లో యూరప్ ల్యాబుల్లో ఆసియా రొయ్యలో ఇవి తేలాక గగ్గోలు పుట్టింది. అప్పటినుంచి పరీక్ష యంత్రాలు పదును తేలుతూ వచ్చాయి. 2022 నవంబరు 28 నుంచి యూరప్‌లో చర్య తీసుకునే గీత నైట్రోఫ్యూరాన్‌కు వంద కోట్ల వంతుల్లో 0.5 వంతు, క్లోరాంఫెనికాల్‌కు 0.15 వంతు. ఇది ఎంతంటే - వెయ్యి టన్నుల రొయ్యలో ఒక గ్రాము మందు కలిస్తే అది వంద కోట్లలో ఒక వంతు. 0.15 అంటే ఆ గ్రాములో సుమారు ఏడో వంతు. అంత కొంచెం కూడా యంత్రానికి దొరుకుతుంది.

ఇప్పుడు చేతుల సంగతి. రోజుకు పది గంటలు ఐసు నీళ్లలో, క్లోరిన్ నీళ్లలో నానుతూ, రొయ్య ముల్లు గుచ్చుకుంటూ ఉండే చేతులు ఎట్లా ఉంటాయో ఒలుపు పని చేసే అక్కచెల్లెళ్లకు మేము చెప్పనక్కరలేదు. గోళ్ల చుట్టూ పుచ్చిపోతుంది, వేళ్ల సందుల్లో చీలుతుంది. మందుల షాపుకు పోతే కాలిన పుండ్లకూ గాయాలకూ ఇచ్చే పసుపు పచ్చని పూతమందు ఇస్తారు. దాంట్లో ఉండేది నైట్రోఫ్యూరజోన్. అది ఆ నిషేధిత జాతి మందే! క్లోరాంఫెనికాల్ పూతమందులూ ఉన్నాయి. ఆసియా దేశాల్లో రొయ్యకు ఈ మందులు అంటడానికి చెరువు ఒక్కటే దారి కాదని, ఒలిచేవాళ్ల చేతి పూతమందు కూడా ఒక దారి కావచ్చని ఆహార నిపుణుల చర్చల్లోకి వచ్చింది.

దీనికి ప్లాంట్లు కనిపెట్టిన మందేమిటి? "చేతికి పుండున్నవాళ్లు రేపటి నుంచి రావద్దు." నియమం పాటించినట్టే అయింది, రొయ్య క్షేమం. మనిషి? ఆ చేతికి పుండు చేసింది ఆ పనే గదా! రొయ్యకు కీడు జరగకూడదంటే చేతికి పుండు పడకూడదు. పుండు పడకూడదంటే చిరగని గ్లవులు రోజూ మార్చివ్వాలి, మధ్యమధ్య చేతులు ఆరబెట్టుకునే విరామం ఇవ్వాలి, పుండైతే కూలితో సెలవిచ్చి నిషేధం లేని మందు ఇప్పించాలి. దిగుమతి చట్టాన్ని నిజంగా పాటించడమంటే ఇదే. బేరానికి కూర్చున్నప్పుడు ఇదే మాట యజమాని ముందు పెట్టండి. దయాధర్మంగా అడగనక్కరలేదు, "మీ కంటైనరు నిలవాలంటే మా చేతులు బాగుండాలి" అనండి. మేము రెండు చోట్ల అట్లా అడిగించాం. ఒకచోట గ్లవులు వచ్చాయి. రెండోచోట అడిగిన ఇద్దరిని షిఫ్టు మార్చారు. పోరాటం ఎప్పుడూ ఒక్కలాగా నడవదు.

నల్లమచ్చ రాకుండా రొయ్యను ముంచే సల్ఫైట్ పొడి కూడా ఇట్లాంటిదే. పది లక్షల వంతుల్లో పది వంతులకు చేరితే పెట్టె మీద రాసి తీరాలని అమెరికా నియమం. ఉబ్బసం ఉన్నవాళ్లు తింటే ఊపిరాడదని. ఆ పొడి తడిసినప్పుడు లేచే గంధకపు ఘాటు పీలుస్తూ తొట్టి దగ్గర నిలబడే కుర్రాడికి ఉబ్బసం వస్తుందేమోనని రాసిన పెట్టె మాకు కనపడలేదు.

రైతు పాలు కూడా చెప్పాలి. రైతును తిట్టి ఊరుకోవడం మా ఉద్దేశం కాదు. 2012లో జపాను మన రొయ్యలో ఎథాక్సిక్విన్ అనే రసాయనం పట్టుకుంది. అది రైతు వేసింది కాదు. చేపపొడి పాడవకుండా మేత ఫ్యాక్టరీలో కలిపేది. కిలో రొయ్యలో మిల్లీగ్రాములో నూరోవంతు దాటకూడదన్న గీత పెట్టి జపాను సరుకు ఆపింది. 2014లో తానే ఆ గీతను ఇరవై రెట్లు సడలించింది. ఈ మధ్యకాలంలో రేటు పడిపోయి అప్పుల పాలైంది ఎవరు? మేత కంపెనీ కాదు. మేము తిరిగిన ఊళ్లలో చెరువులు చాలావరకు కౌలువి. రిజిస్ట్రేషను కాగితంలో భూమి గలాయన పేరు, అప్పు నోటు మీద కౌలుదారు పేరు. ల్యాబు కబురు వచ్చాక దళారీ కిలోకు ఇంత కోసేది కౌలుదారుకే. అతను తిరిగి కోయగలిగేది ఇంకెవరికి? మేత చల్లే కుర్రాడికి.

ఒకసారి పేరు చెడిందంటే ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. ఎఫ్.డి.ఎ. దగ్గర హెచ్చరిక జాబితాలున్నాయి. ప్లాంటు పేరు అందులో ఎక్కితే ఇక కంటైనరు తెరిచి చూడకుండానే ఆపేస్తారు. వరసగా కొన్ని కంటైనర్లు సొంత ఖర్చుతో పరీక్ష చేయించి బాగున్నాయని రుజువు చేసుకుంటేగాని పేరు తీయరు. తిరస్కరించిన సరుకును 90 రోజుల్లో దేశం దాటించాలి, లేదా ధ్వంసం చేయాలి. కాబట్టి యజమాని భయం ఉత్త నటన అని మేము అనడం లేదు. నష్టం నిజమే. ఐతే నష్టం ఏ కంటైనరుది, ఏ లాటుది, ఏ కారణాన అన్నది కాగితం మీద ఉంటుంది. ఎఫ్.డి.ఎ. తిప్పిపంపిన సరుకుల పట్టికను కంపెనీ పేరుతో, కారణంతో సహా బయటపెడుతుంది; ఇంగ్లీషు చదవగలిగిన కార్యకర్త ఎవరైనా చూడవచ్చు. "కంటైనరు తిరిగొచ్చింది, ఈ నెల బోనసు లేదు" అన్నప్పుడు ఏ కంటైనరు, ఏ తేదీ అని అడగడం మన హక్కు.

2025 ఆగస్టులో ఇండోనేషియా రొయ్యకు జరిగింది చూడండి. అమెరికా రేవుల్లో కస్టమ్స్ వాళ్ల యంత్రాలు కంటైనర్ల మీద సీసియం-137 అనే అణుధార్మిక పదార్థాన్ని పసిగట్టాయి. రొయ్యలో తేలిన మోతాదు కిలోకు 68 బెకరెల్‌లు. ఎఫ్.డి.ఎ. జోక్యం చేసుకునే గీత 1200. ఐనా సరుకు ఆపారు, దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు, అక్టోబరు ఆఖరు నుంచి ఆ ప్రాంతాల రొయ్యకు ప్రత్యేక ధ్రువపత్రం తప్పనిసరి చేశారు. తీగ లాగితే డొంక జావా దీవిలోని చికాండే పారిశ్రామికవాడలో, పాత ఇనుము కరిగించే కొలిమి దగ్గర తేలింది. అక్కడ పనిచేసే కార్మికుల్లో కొందరి ఒంట్లోనూ ఆ పదార్థం దొరికింది. వాళ్లు ఆ గాలి పీలుస్తున్న సంగతి లోకానికి తెలియడానికి రొయ్య పసిఫిక్ సముద్రం దాటి లాస్ ఏంజెలెస్‌లో దిగాల్సి వచ్చింది.

సుంకం లెక్క

ఇక మూడో మాట. సుంకం విషయంలో మనవాళ్లను తికమక పెట్టేది ఒకటి కాదు, మూడు నాలుగు రకాల సుంకాలు ఒకదాని మీద ఒకటి ఉండడం.

మామూలు దిగుమతి సుంకం గడ్డకట్టిన రొయ్య మీద అమెరికాలో లేనేలేదు. 2003 ఆఖరున అక్కడి దక్షిణ రాష్ట్రాల రొయ్యల పడవలవాళ్లు, ప్లాంట్లవాళ్లు ఫిర్యాదు చేశారు - ఇండియా, థాయిలాండ్, వియత్నాం వంటి దేశాలు మరీ తక్కువ ధరకు తెచ్చి కుమ్మరిస్తున్నాయని. 2005 నుంచి మన మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది. చాలా కంపెనీలకు మొదట్లో 10.17 శాతం. పైగా ఆ సుంకానికి సరిపడా హామీ బాండు కూడా ముందే కట్టాలని కస్టమ్స్ వాళ్లు పట్టుబట్టారు. దాని మీద మన ప్రభుత్వం ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి 2008లో గెలిచింది. తరువాత 2024 డిసెంబరులో మన ప్రభుత్వం ఇచ్చే రాయితీలకు విరుగుడుగా ఇంకొక సుంకం వేశారు. ఆపైన 2025లో ట్రంపు ప్రభుత్వం వేసినవి: ఏప్రిల్‌లో 10, ఆగస్టు 7 నుంచి 25, ఆగస్టు 27 నుంచి 50 శాతం. అప్పుడు ఎగుమతిదారులు అన్నీ కూడి 58.26 శాతమని లెక్క చెప్పారు. ఇవి ఆ యేటి అంకెలు. సుంకం అంకె కలకాలం ఒక్కచోట నిలవదు. ఎవరైనా సుంకం మాటెత్తితే ముందు అడగవలసింది "ఏ తేదీ నాటిది?" అని.

రెండో ప్రశ్న: ఎవరు కడతారు? చట్టం ప్రకారం అమెరికా కస్టమ్స్‌కు సొమ్ము కట్టేది అక్కడి దిగుమతిదారు. అతను ఎగుమతిదారు ధరను కోస్తాడు. ఎగుమతిదారు రైతు ధరను, రైతూ కాంట్రాక్టరూ మన కూలిని. 2025 ఏప్రిల్ మొదట్లో సుంకం ప్రకటన వచ్చీరాగానే, ఇంకా పూర్తిగా అమలు కాకముందే, మన చెరువు గట్ల మీద రేటు పడిపోయింది. అదే నెల 9న దానిలో పెద్ద భాగాన్ని 90 రోజులు వాయిదా వేశారు. పడినంత వేగంగా రేటు లేచిందా? మీ ఊరి రైతునే అడగండి.

ఇంకో సంగతి మన వాళ్లలో చాలామందికి తెలియదు. యాంటీ డంపింగ్ సుంకం ముందుగా డిపాజిట్టుగా కడతారు. ఆ తరువాత అమెరికా వాణిజ్య శాఖ ఏడాదివారీగా లెక్కలు తిరగేసి అసలు రేటు తేలుస్తుంది. అది తక్కువని తేలితే కట్టిన తేడాను వడ్డీతో తిరిగిస్తారు. సుంకం పడిన సంవత్సరం కూలి తగ్గింది. డిపాజిట్టు వెనక్కి వచ్చిన సంవత్సరం కూలి పెరిగిందని మేము ఏ ఊళ్లోనూ వినలేదు.

అమెరికా పడవ కార్మికుడి మీద మనకు పగ అక్కరలేదు. లూసియానా తీరంలో డీజిలు ఖర్చు రాక పడవ ఒడ్డున కట్టేసుకున్న మనిషికీ, ఇక్కడ చెరువు ఎండబెట్టుకున్న కౌలుదారుకూ బాధలో తేడా ఏమీ లేదు. ఇద్దరి చేతికీ వచ్చే ధర నిర్ణయించేది పెద్ద పెద్ద దుకాణాల గొలుసులు.

మనిషి గురించి ఒక్క చట్టం

ఇంతవరకూ చెప్పిన చట్టాలన్నీ రొయ్య గురించి, తాబేలు గురించి, ధర గురించి. ఒలిచే మనిషి గురించి అమెరికా కస్టమ్స్ చేతిలో ఉన్న చట్టం ఒకటుంది - 1930 నాటి టారిఫ్ చట్టంలోని 307వ సెక్షన్. బలవంతపు చాకిరీతో తయారైన సరుకు ఆ దేశంలో దిగకూడదని. మొదట దీనికి ఒక కన్నం పెట్టుకున్నారు: తమ దేశ అవసరానికి సరిపడా అక్కడ తయారుకాని సరుకైతే ఫరవాలేదని. ఎనభై ఆరేళ్ల తర్వాత, 2016లో ఆ కన్నం పూడ్చారు.

ఇది ఉత్త కాగితం కాదనడానికి మలేషియా సాక్ష్యం. అక్కడి ఒక పెద్ద రబ్బరు గ్లవుల కంపెనీ సరుకును 2020 జులైలో ఈ సెక్షను కింద ఆపారు. నేపాల్, బంగ్లాదేశ్ వంటి దేశాల నుంచి వెళ్లిన కార్మికుల దగ్గర ఉద్యోగం ఇప్పించడానికని వేలకు వేలు గుంజి, ఆ అప్పు తీరేదాకా కదలనీయకుండా ఉంచిన వ్యవహారమది. సరుకు ఆగాక ఆ కంపెనీ ఫీజుల సొమ్ము కార్మికులకు తిరిగి చెల్లించింది. 2021 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు.

మన దగ్గర? ఒడిశా నుంచి, శ్రీకాకుళం నుంచి అడ్వాన్సు ఇచ్చి తెచ్చిన ఆడపిల్లలు, ప్లాంటు వెనక హాస్టలు, గేటుకు తాళం, బయటికి పోవాలంటే చీటీ, అడ్వాన్సు తీరందే ఇంటికి పోనీయకపోవడం - ఇవన్నీ మేము విన్నవే, కొన్నిచోట్ల చూసినవే. 2024 మార్చిలో మన రొయ్య పరిశ్రమలోని పని పరిస్థితుల మీద అమెరికా పత్రికలూ, కార్మిక హక్కుల సంస్థలూ పెద్ద నివేదికలు బయటపెట్టాయి. ఆ తరువాత ప్లాంట్లలో ఆడిట్ల సందడి ఎక్కువైందని కార్మికులే చెబుతున్నారు. ఆడిట్ రోజున కొత్త గ్లవులొస్తాయి, గేటు తాళం మాయమవుతుంది, పద్దెనిమిది నిండని పిల్లలకు ఆ రోజు సెలవు. ఏం చెప్పాలో ముందురోజే నేర్పుతారు.

ఐతే ఈ సెక్షన్‌ను చూసి సంబరపడి పరుగెత్తడం కూడా తెలివి కాదు. కంటైనర్లు ఆగిపోతే ముందు పని పోయేది ఒలుపు బల్ల దగ్గరే. మలేషియాలో కార్మికులకు డబ్బు తిరిగి వచ్చిందంటే, ఎవరి దగ్గర ఎంత గుంజారో లెక్క దొరికింది గనక. మన దగ్గర ఆ లెక్క ఎవరి దగ్గరుంది? కాంట్రాక్టరు చిన్న పుస్తకంలో. కనుక ముందు లెక్క మన చేతికి రావాలి. యజమాని రికార్డు రాస్తున్నాడు, దిగుమతిదారు రాస్తున్నాడు, అమెరికా మత్స్యశాఖ రాయిస్తోంది. రాయనిది మనమే.

ఇప్పుడు కొన్నిచోట్ల మన సంఘం అక్కచెల్లెళ్లు ఒక పని మొదలుపెట్టారు. ఒక నోటు పుస్తకం కొన్నారు. పనికి వెళ్లిన తేదీ, ఎక్కిన గంట, దిగిన గంట, ఎన్ని కిలోలు ఒలిచారు, చేతికి ఎంత వచ్చింది, అడ్వాన్సులో ఎంత కోశారు - రోజూ రాస్తున్నారు. రాయలేని వాళ్లకు పిల్లలు రాసిపెడుతున్నారు. దాని పక్కనే ఇంకొక గడి ఉంది. అట్టపెట్టె మీద ప్లాంటు ఆమోదం నెంబరు, లాటు నెంబరు, ప్యాకింగు తేదీ అచ్చువేసి ఉంటాయి. ఆ రోజు తాము సర్దిన పెట్టె మీది ఆ మూడింటినీ ఆ గడిలో రాస్తున్నారు. అదే లాటు నెంబరు సముద్రం అవతల దిగుమతిదారు దాచిపెట్టవలసిన కాగితాల్లో కూడా ఉంటుంది.